సామాన్యజనులకు యంత్రవిజ్ఞానశాల
(గ్రంథాలయ రజతోత్సవసభలో చేసిన ప్రసంగపాఠము)



నేను సహకారసంఘమున పద్దులు వ్రాయువాడను. పండితుడను గాను. సాయంకాలము లెక్కలు ముగించిన పిదప ఈ గ్రంథాలయపు అరుగుమీద కూర్చుండి భారత భాగవతములను నా అంతట నేను చదువుకొన్నవాడను. అట్టి నన్ను మాటాడుమని కోరినప్పుడు కార్యవర్గమువారు ఏదేని ప్రబంధమును గూర్చి చెప్పుదునని తలచియుందురు. కాని యిప్పుడు మనయెదుట ఒక వ్యవహారము తీర్పునకై నిలిచియున్నది. గ్రంథాలయము వెనుకనున్న రేకులగదిని ఎరువుల దుకాణమున కద్దె కిత్తుమా, లేక గ్రామములోని పాత పనిముట్లను, యంత్రములను అందు చేర్చి జనులు చూచుటకు ఒక శాలగా నేర్పరతుమా యనునది ప్రశ్న. అద్దె వచ్చినచో క్రొత్త పుస్తకములు కొనవచ్చునని కొందరి వాదము. అది తేలికగా త్రోసివేయదగినది గాదు. నెలనెల తప్పక వచ్చు జమ యెంత విలువగలదో జమాఖర్చులు వ్రాయువానికి వేరొకరు చెప్పనక్కరలేదు. అయినను నేను రెండవ పక్షమున మాటాడ వచ్చితిని.

మయసభకథ నెరుగనివారు మనలో లేరు. దుర్యోధనుడు ఆ సభలో తిరుగుచు నేలను నీరనుకొని వలువ లెత్తికొనెను. నీటిని నేల యనుకొని అందు పడెను. మూసిన తలుపును తెరచినదనుకొని నొసలు కొట్టుకొనెను. చూచినవారు నవ్విరి. ఆ నవ్వునుండి జూదమును, జూదమునుండి యుద్ధమును పుట్టెనని మనము చెప్పుకొందుము. నేనా కథ చదివినప్పుడెల్ల నాకు వేరొకటి తోచుచుండును. ఆ సభను కట్టిన మయునికి దాని మర్మము తెలియును. అందు నివసించు పాండవులకు తెలియును. చూడవచ్చిన అతిథికి మాత్రము చెప్పినవారు లేరు. నిర్మాణకౌశలమునకు లోపము లేదు. చూచువానికి మర్మము తెలుపని వింత వాని జ్ఞానమును పెంచదు సరిగదా, వానిని వెక్కిరించును.

భోజరాజు సంగతియు నిట్టిదే. 11వ శతాబ్దమున ధారానగరము నేలిన ఆ రాజు పేర నున్న సమరాంగణ సూత్రధారమున యంత్రవిధాన మను నొక అధ్యాయము గలదు. తమంతట కదలు బొమ్మలు, ద్వారము కాచు కొయ్యభటులు, నీటిని చిమ్ము ధారాయంత్రములు, పాదరసమును కాచి ఎగిరింపదగిన కొయ్యపక్షియు నందు వర్ణితములు. కొందరా అధ్యాయములోని ముక్క నొకదానిని పట్టుకొని, విమానములన్నియు మనకు పూర్వమే యుండెనని సభలలో గర్జింతురు. వారు మిగిలిన భాగము చదివిరో లేదో! యంత్రములను కూర్చు పద్ధతిని విప్పి చెప్పకపోవుట రహస్యరక్షణకొరకే గాని తెలియక గాదని గ్రంథకర్తయే అక్కడ స్పష్టముగా వ్రాసినాడు. ఆ కాలపు రాజునకు ఆ రహస్యము అవసరమై యుండవచ్చును. కాని ఫలమేమి? చెప్పినవాడు పోయెను, చేసినవాడు పోయెను, వర్ణన మిగిలెను. ఆ కొయ్యపక్షి ఎగిరినదో లేదో నేడు ఎవ్వరును పరీక్షింపజాలరు.

యంత్రవిజ్ఞానశాల యనునది మయసభకును, ఈ రహస్యమునకును నేరుగా ఎదురైనది. అక్కడ మర్మమును దాచుటకు గాక విప్పుటకే వస్తువు నుంతురు. ఇట్టి తలంపు మొదట ఫ్రాన్సుదేశమున 1794లో రూపుగొన్నది. విప్లవపు అల్లకల్లోలము నడుమ గ్రెగ్వార్ అను మతాచార్యుడు, యంత్రములను, వాని నమూనాలను, పటములను, గ్రంథములను ఒకచోట చేర్చి వృత్తిపనివారికి విశదపరుచు సంస్థ కావలెనని పట్టుపట్టి, పారిస్ నగరమున దానిని నెలకొల్పించెను. ఆ సంస్థ నేటికిని నడచుచున్నది. అయితే సామాన్యజనులందరికిని ఇట్టి శాల ఎట్లుండవలెనో లోకమునకు చూపినది జర్మనీలోని మ్యూనిక్ నగరము. దానిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పెదను.

ఆస్కార్ ఫాన్ మిల్లర్ అను విద్యుత్ ఇంజనీరు 1855లో ఆ నగరముననే జన్మించెను. తండ్రి కంచుపోత పనిలో ప్రసిద్ధుడు. ఆ నగరమున నిలిచియున్న బవేరియా అను మహావిగ్రహమును పోతపోసినవా డాయనయే. కొలిమివేడి ఎరిగిన యింట పెరిగిన ఈ కుమారుడు 1882లో మ్యూనిక్ విద్యుత్ప్రదర్శనమున నొక చిత్రము చేసి చూపెను. 57 కిలోమీటర్ల దూరమున నున్న మీస్‌బాఖ్ అను ఊరినుండి టెలిగ్రాఫు తీగలమీదుగా విద్యుచ్ఛక్తిని తెప్పించి, ప్రదర్శనశాలలో నొక చిన్న జలపాతమును పారించెను. చేరిన శక్తి స్వల్పమే. కాని కరెంటు ఊరినుండి ఊరికి ప్రయాణము చేయగలదని జనులు కన్నులార చూచిరి. 1891లో లౌఫెన్ నుండి ఫ్రాంక్‌ఫర్టునకు 175 కిలోమీటర్లు శక్తిని పంపిన ఏర్పాటు వెనుకను ఆయనయే యుండెను. నేడు మన పొలములలోని మోటార్లకు ఎక్కడినుండియో తీగలపై వచ్చు కరెంటునకు ఆ ప్రయోగములు పూర్వరంగములు.

ఆ జలపాత మాయనకు నేర్పిన పాఠము వేరొకటి యున్నది. ఉపన్యాసములకు లొంగని సామాన్యుడు కన్నులతో చూచి, చేతితో త్రిప్పినచో లొంగును. 1903లో ఇంజనీర్ల సంఘము మ్యూనిక్కున సమావేశమైనప్పుడు ఆయన యంత్రవిజ్ఞానశాలా ప్రతిపాదన పెట్టి సంస్థను స్థాపించెను. చేతిలో భవనము లేదు. 1906లో నొక పాత మ్యూజియపు గదులలో తాత్కాలికముగా తలుపులు తెరచిరి. అదే సంవత్సరమున ఈసర్ నది నడుమ, బొగ్గు నిలువచేయుటచేత బొగ్గుదీవి యని పేరుపడిన లంకలో క్రొత్త భవనమునకు చక్రవర్తి శంకుస్థాపన చేసెను. అటుపిమ్మట ఏమి జరిగెనో వినుడు. భవనశిల్పి గాబ్రియేల్ ఫాన్ సైడల్ 1913లో కాలధర్మము చెందెను. పని చేపట్టిన ఆయన సోదరుడును 1919లో గతించెను. నడుమ 1914లో మహాయుద్ధము వచ్చెను. యుద్ధము ముగిసినంతనే, రొట్టెముక్కకు సంచెడు నోట్లు మోయవలసిన ద్రవ్యోల్బణము వచ్చెను. పద్దులు వ్రాయువానికి ఆ 1923వ సంవత్సరపు జర్మనుల లెక్కలు తలచుకొన్నచో కలము వణకును. ఇన్ని జరిగినను శాల 1925 మే 7వ తేదీన తెరువబడెను. అది మిల్లర్ డెబ్బదియవ జన్మదినము. సంకల్పమునుండి ప్రారంభోత్సవమునకు 22 సంవత్సరములు పట్టినవి. మనము రేకులగది విషయమున రెండు సమావేశములకే విసిగితిమి.

ధన మెట్లు వచ్చెను? కొంత రాజ్యము, కొంత నగర మిచ్చినవి. కాని వస్తువులలో అధికభాగము అడిగి తెచ్చినవే. అడుగుటలో మిల్లర్ సిద్ధహస్తుడు. యంత్రశాలలవారిని యంత్రము లడిగెను, విద్వత్పరిషత్తువారిని పూర్వపు శాస్త్రపరికరము లడిగెను, భవనమునకు సామగ్రి యడిగెను. ఇచ్చువారు గర్వించునట్లు అడుగుట యొక విద్య. మన గ్రంథాలయపు మొదటి బీరువా కూడ అట్లు అడిగి తెచ్చినదే యని పెద్ద లెరుగుదురు.

ఆ శాలలో చేరిన వస్తువులను గూర్చి ఒకటి రెండు చెప్పక మానజాలను. రుడాల్ఫ్ డీసెల్ అను నాయన ఆగ్స్‌బర్గ్ కర్మాగారమున 1897లో పరీక్షింపజేసిన ఇంజను అక్కడిదే. ఇంధనములోని శక్తిలో నూటికి 26 పాళ్ళు పనిగా మార్చినదని ఆ పరీక్షలో తేలెను. ఆనాటి ఆవిరియంత్రము లందులో సగమైన చేయజాలకుండెడివి. మనము ‘డీజిలు’ అని నూనెకు వాడు పేరు నిజమునకు ఒక మనుష్యుని పేరని మన పిల్లలలో ఎందరికి తెలియును? 1900లో పారిస్ ప్రదర్శనమున అట్టి ఇంజను నొకదానిని వేరుసెనగ నూనెతో నడిపి చూపిరి. వేరుసెనగ పండించు రైతు ఆ మాట విన్నచో తన చేలోని పంపుసెట్టును మరియొక చూపు చూడక మానడు. వేరొకటి మాగ్డెబర్గ్ అర్ధగోళములు. 17వ శతాబ్దమున గెరిక్ అను నగరాధ్యక్షుడు రెండు రాగిచిప్పలను కలిపి లోపలి గాలిని పీల్చివేసెను. ఇరుప్రక్కల గుఱ్ఱములను కట్టి లాగించినను అవి విడిపోవుట గగనమయ్యెను. చిప్పలను పట్టియుంచినది మంత్రము గాదు, చుట్టునున్న గాలి యొత్తిడి. ఆ అసలు చిప్పలు మ్యూనిక్కున నున్నవి.

వస్తువులు పేర్చుటతో మిల్లర్ తృప్తి చెందలేదు. చూచువాడు మీట నొక్కగా యంత్రము కదలవలె, పిడి త్రిప్పగా చక్రము తిరుగవలె. లోని భాగములు కనబడుటకై కొన్ని ఇంజన్లను నిలువున కోసి యుంచిరి. భవనపు అడుగున బొగ్గుగని నమూనా నిర్మించి, గనికార్మికుడు వంగి నడచు దారిలోనే సందర్శకుని నడిపించిరి. నక్షత్రములను పగటివేళ గదిలో చూపవలెనని ఆయన పట్టుపట్టగా, జైస్ కంపెనీలోని బావర్స్‌ఫెల్డ్ అను ఇంజనీరు గుండ్రని కప్పుపై తారల వెలుగును ప్రసరింపజేయు యంత్రమును కల్పించెను. 1923లో దానిని మొదట మ్యూనిక్కున చూపిరి. 1985లో హైదరాబాదునందు నౌబత్ పహాడ్‌పై వెలసిన బిర్లా నక్షత్రశాల ఆ వంశములోనిదే. దూరమునుండి రాలేని పేదవిద్యార్థులకు, పనివారికి దారిబత్తెమిచ్చి శాలను చూపించుటకు వేరే నిధియు నేర్పరచిరి. ఈ దారిబత్తెపు సంగతి నాకు గోపురమంతటి భవనముకంటెను గొప్పగా తోచుచున్నది.

1932లో ఆ దీవిలోనే శాలకు తోడుగా గొప్ప గ్రంథాలయము తెరచిరి. యంత్రమును చూచి ‘ఎందుకిట్లు?’ అని యడిగినవాడు నాలుగడుగులు వేసి పుస్తకము తెరువవచ్చును. కావున గ్రంథాలయమున యంత్రశాల యెందుకని యడుగువారికి ఆ దీవియే ప్రత్యుత్తరము. రెండవ యుద్ధమున బాంబులు పడి ఆ భవనములలో పెక్కుపాళ్ళు ధ్వంసమైనవి. మరల కట్టిరి. 2022లో సగభాగమును నవీకరించి తెరచి, మిగిలిన సగము పని చేపట్టిరి.

మన దేశమునకు వత్తము. బెంగాలు ముఖ్యమంత్రియైన వైద్యుడు బిధాన్ చంద్ర రాయ్ మ్యూనిక్ శాలను చూచి ముగ్ధుడై, అట్టిది కలకత్తాలో నుండవలెనని కోరెను. ఘనశ్యామదాస బిర్లా బాలిగంజిలోని తన సౌధమును, తోటను దాని కిచ్చెను. 1959 మే 2వ తేదీన ఆ శాల జనులకు తెరువబడెను. బెంగుళూరులో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేర కట్టిన భవనమును 1962లో నెహ్రూగారు ప్రారంభించిరి. 1965లో మొదటి ప్రదర్శనము ప్రజలకు అందుబాటయ్యెను. 1908 మూసీ వరద పిమ్మట హైదరాబాదును కాపాడు జలాశయముల యోచన చెప్పిన విశ్వేశ్వరయ్యగారు మనకు పరాయివారు గారు. 1978లో ఈ శాలలన్నిటిని కలిపి జాతీయ విజ్ఞాన మ్యూజియముల మండలి నేర్పరచిరి. తిరుపతిలోని ప్రాంతీయ విజ్ఞానకేంద్ర మా మండలిదే.

కలకత్తావారు చేసిన పనులలో నాకు మిక్కిలి నచ్చినది 1965లో మొదలిడిన బస్సు మ్యూజియము. నగరమునకు రాలేని గ్రామములకు శాలయే బస్సెక్కి పోయెను. పాఠశాల ఆవరణలో ఆగి, ఆడించి చూపి, మరుసటి యూరికి సాగెను. ఇది మనకు క్రొత్తగాదు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణాడెల్టా కాలువపై పడవలో పుస్తకములను ఊరూర త్రిప్పిరి. పడవ రేవునకు వచ్చుసరికి చదువరులు గట్టున వేచియుండెడివారట. బస్సునకు ముప్పదియేండ్ల ముందే మన పడవ నడచినదని చెప్పుకొనుట కొంచెము అతిశయమైనను అసత్యము గాదు.

ఆంధ్రదేశమున యంత్రములను దాచినచోట్లు లేకపోలేదు. ధవళేశ్వరమున కాటన్ పేరనున్న మ్యూజియమున, 1847 మొదలు 1852 వరకు సాగిన ఆనకట్ట పనినాటి సామగ్రి నిలిచియున్నది. విశాఖపట్టణపు సముద్రతీరమున కురుసుర అను జలాంతర్గామి 2001లో నౌకాదళసేవనుండి విరమించి, మరుసటి సంవత్సరమే గట్టునెక్కి జనుల కడుపులోనికి తీసికొనుచున్నది. అందులో తలవంచి నడచి వచ్చిన బాలుడు నావికుని బ్రతుకును ఏ పుస్తకముచేతను తెలియనంతగా తెలిసికొనును.

ఇక నొక చిక్కు చెప్పవలెను. చెప్పనిచో ఒక పక్షపు పద్దు దాచినట్లగును. ఇట్టి శాలలను తెరచుట సులభము, నడపుట కష్టము. మీట నొక్కుటకు వేయిమంది పిల్లలు వత్తురు. మీట విరుగుట నిశ్చయము. విరిగిన వస్తువుపై ‘మరమ్మతులో నున్నది’ అను చీటి యొకసారి అంటుకొన్నచో అది యేండ్లతరబడి ఊడదు. రంగురంగుల బల్లలు, పనిచేయని మీటలు, దుమ్ముపట్టిన అద్దములు: ఇట్టి శాలను చూచి వచ్చిన బాలుడు విజ్ఞానమన్న విసుగు నేర్చుకొనును. అందుచేతనే మంచి శాలలన్నిటికిని వెనుకప్రక్క సొంత పనిశాల యుండును. మన శాలకు మొదట కావలసినది అద్దపు బీరువా గాదు. ఒక వడ్రంగి, ఒక కమ్మరి, వారికి ఏటేట కొంత వేతనము. దీనికి పద్దు కేటాయింపక శాల తెరచుటకంటె గదిని దుకాణమునకే యిచ్చుట మేలు.

‘చేతి ఫోనులో లోకమంతయు కనబడుచుండగా ఈ పాత ఇనుము నెవరు చూతురు?’ అని మొన్న ఒక యువకుడు నన్ను ప్రశ్నించెను. తెలివైన ప్రశ్న. ఫోనులో కనబడు మాట నిజము. కాని ఆ ఫోనే భోజుని యంత్రమువలె మూతవేసిన పెట్టె. దానిని తెరచి చూచినను కంటికి కదలునదేదియు లేదు. కపిల అట్టిది గాదు. ఎద్దులు పల్లపు బాటలో దిగునప్పుడు తమ బరువును గూడ నీరెత్తుటకు వెచ్చించుననియు, మోటతొండము గట్టుమీదికి రాగానే తనంతట నీటిని వదలునట్లు రెండవ త్రాటికి కట్టినారనియు ఎనిమిదేండ్ల బాలుడు చూచి చెప్పగలడు. బరువు, వాలు, గిలక మూడును అందున్నవి. బల్లపై గీసిన పటముకంటె బావిగట్టు మంచి ఉపాధ్యాయుడు.

కాని ఆ కపిల యెక్కడ? మన యూరి తోటలలో నేడు ఒక్కటియు లేదు. తొండము కుట్టగలవాడు పోయినాడు. గిలకను, మెడకొయ్యను సరిగా నిలుపగల వడ్రంగితాత ఒక్కరే మిగిలియున్నారు. ఆయనకు ఎనుబదియేండ్లు దాటినవి. ఎద్దుగానుగ రోలు ఊరిచివర పశువులకు కుడితితొట్టి యైనది. చెరకాడిన ఇనుపగానుగను గత సంక్రాంతికి ముందే పాతసామాను బండివాడు తూకమునకు కొని, సుత్తెతో బ్రద్దలుచేసి పట్టుకొనిపోయెను. అమ్మినవారిని తప్పుపట్టను. వారి చావడిలో చోటు లేదు, ఊరిలో వేరొక చోటును మనము చూపలేదు. దుకాణపు అద్దె వచ్చేయేటనైనను వచ్చును. వడ్రంగితాత వచ్చేయేటికి మనతో నుండునని యెవరు పూచీపడుదురు?

నా వృత్తిని బట్టి నాకు ప్రియమైన వస్తువులు రెండున్నవి. ఒకటి భూమి కొలుచు గొలుసు. 66 అడుగుల పొడవు, 100 లంకెలు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పుగల చదరములు పది చేరినచో సరిగా ఒక ఎకరము. ఎకరమని నోట పలుకు మన పిల్లలకు అది ఎక్కడినుండి వచ్చెనో ఆ గొలుసును పొలములో పరచి చూపవచ్చును. రెండవది కొలపాత్రల వరుస: గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచము. దేశమున 1957లో దశాంశనాణెములు వచ్చినవి; ఆ వెంట మెట్రిక్ తూనికలు, కొలతలు వచ్చినవి. క్రొత్త పద్ధతి మంచిది. లెక్కవ్రాయువానికి అది వరము. కాని కావ్యములలో, దానశాసనములలో, మన తాతల పత్రములలో కుంచములును తూములును ఉన్నంతకాలము ఆ పాత్రలు కంటియెదుట నుండవలెను. కుంచమెంతయో తెలియనివాడు కుంచెడు గింజల సామెతను పట్టుకొని యేమి చేసికొనును?

కావున నా ప్రతిపాదన యిది. గదిని మొదట మూడేండ్లు శాలకు విడువవలెను. నగరమునందలి శాలలను అనుకరించి రంగుదీపములు పెట్టవలదు. కపిల నొకదానిని తాతగారిచేత, వారికి పనికూలి యిచ్చి, ఇద్దరు కుర్రవాండ్రను ప్రక్కన నుంచి నిర్మింపవలెను. మగ్గము నేతవారి వీధినుండి రావలెను. నెలకొకనా డొకరు కూర్చుండి నాడెను ఆడించి పడుగు పేకలను చూపవలెను, ఆ దినపు కూలి సంఘ మీయవలెను. కుమ్మరిసారె, కొలిమితిత్తి, తిరుగలి, పాత నూనెఇంజను, కుట్టుమిషను చేరవచ్చును. ప్రతివస్తువు ప్రక్కన నుండు పలక తెలుగున, మనయూరి మాటలలో నుండవలెను. ‘ముట్టరాదు’ అను పలక మాత్రము ఎక్కడను కూడదు. పదునైన కత్తులకు, గండ్రగొడ్డళ్ళకు వేరే యేర్పాటు చేసికొందము.

వ్యయమునకు అంచనా పట్టిక వ్రాసి కార్యదర్శిగారికి ఇచ్చితిని. మొదటి యేట అద్దె కోల్పోవుట, రేకుల మరమ్మతు, పనివారి కూలి మూడును అందున్నవి. ఏదియు తగ్గించి చూపలేదు. వచ్చే ఆదివారము సర్వసభ్యసమావేశమున మీ యభిప్రాయము చెప్పుడు.

వస్తువుల పట్టీకి ఒక పుస్తకము కుట్టించి వాకిలిబల్లపై నుంచితిని. అందు వరుస సంఖ్య, తేదీ, వస్తువు పేరు, ఇచ్చినవారి పేరు, కొలతలు అను గడులు గీసితిని. వానికి ప్రక్కన మరియొక వెడల్పైన గడి విడిచితిని. అందు, దానిని చేసినవారెవరో, వాడినవారెవరో, ఎట్లు వాడిరో వ్రాయవలెను. వ్రాయలేనివారు చెప్పినచో నేను వ్రాసికొందును. సాయంకాలము ఏడింటినుండి ఇక్కడనే యుందును.